నాయినకు చెప్పే ధర

మా ఇంట్లో ఒక్కో బట్టకు రెండు ధరలు ఉండేవి. దుకాణంలో ఇచ్చింది ఒకటి, నాయినకు చెప్పేది ఒకటి. ఎనిమిది వందలు పెట్టి కొన్న చీరను నాలుగు వందలని చెప్పేవాళ్లం. ఆ నాలుగు వందలకే ఆయన పెదవి విరిచి, "నూరు రూపాలు ఎక్కువ పెట్టినవ్ బిడ్డా" అనేవాడు. నేనూ అమ్మా వంటింట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన కళ్లు కప్పామని మా సంబరం.

నాయిన సిరిసిల్లలో సాంచల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని మా వైపు సాంచ అంటారు. చిన్నతనంలో తన తండ్రి పక్కన కూర్చుని చేతిమగ్గం మీద పని నేర్చుకున్నాడు. చేతిమగ్గాలు మూలకు పడ్డాక సాంచల షెడ్డుకు మారాడు. ఏడాది పొడవునా తెల్లగుడ్డ, లంగా గుడ్డ, పండుగకు సర్కారు పంచే చీరల ఆర్డరు వస్తే ఆ చీరలు. తాను నేసిన గుడ్డ మీద తనకు మిగిలేది ఎంతో, అదే గుడ్డ రంగు పూసుకుని అద్దాల బీరువా ఎక్కాక ఎంత పలుకుతుందో ఆయనకు బాగా తెలుసు. అందుకే బట్టల దుకాణం పేరెత్తితే ఆయనకు ఒళ్లు మండేది. ఏసీలో కూర్చోబెట్టి చల్లటి నీళ్లు ఇస్తున్నారంటే ఆ నీళ్ల ఖర్చు కూడా చీర మీదనే వేస్తున్నారని వాదించేవాడు.

కొత్త బట్ట ఏది వచ్చినా ముందు ఆయన చేతికి ఇవ్వాలి. ఇది మా ఇంటి ఆచారం. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని, అంచు దగ్గర గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని, కళ్లు మూసుకుని మెల్లగా రాసేవాడు. అంతసేపూ మేం ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాళ్లం. కళ్లు తెరిచాక నిలువు పోగు ఏ రకమో, అడ్డం పోగు ఏ రకమో, ఎన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పేవాడు. ధర అన్నిటికన్నా చివర. బాగా అనుమానం వస్తే అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చేవాడు. ముద్ద కట్టి అంటుకుపోతే పాలిస్టర్, వెంట్రుకలు కాలిన వాసన వస్తే పట్టు. వాడకట్టు ఆడవాళ్లు పెళ్లి బట్టలు కొని తిన్నగా మా ఇంటికే తెచ్చేవాళ్లు. వాళ్లలో కొందరు కళ్లు తుడుచుకుంటూ పోయేవాళ్లు. ఆయన ఎవరి ముఖం చూసీ మాట మార్చేవాడు కాదు.

నాకు ఉద్యోగం వచ్చింది. కోరుట్ల పక్కన ఒక ఊరి బడిలో టీచర్ని. మొదటి జీతం అందిన ఆదివారమే జగిత్యాల వెళ్లి ఒక చీర కొన్నాను. నెమలికంఠం రంగు, సన్నటి జరీ అంచు. పదిహేను వందలు. సిరిసిల్ల చేరేలోపు బస్సులోనే ధరను ఏడు వందలకు దించుకున్నాను. నాయిన కళ్లు మూసుకుని, తెరిచి, "అడ్డం పోగు మంచిగ లేదు బిడ్డా. రంగు సూపెట్టి అమ్మిన్రు నీకు" అన్నాడు. ఏడు వందలు కూడా దండుగేనట. తిరుగు బస్సులో వేములవాడ దాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. జీతం తెచ్చుకునే మనిషిని, పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, ఒక చీర గురించి అలా ఏడ్చాను. మరుసటి నెల మళ్లీ ఒకటి కొన్నాను.

అప్పటి నుంచి అది ఆగలేదు. చీర కొన్న ప్రతిసారీ నాకొక కారణం దొరికేది. ఈ రంగు నా దగ్గర లేదు. ఆ రంగు ఉంది గాని ఇంత ముదురు లేదు. జెండా పండుగకు తెల్లది కావాలి, వీడ్కోలు సభకు ఎర్రది కావాలి. సగం ధరకు వస్తోంది, ఇప్పుడు కొనకపోతే ఆ సగం నష్టపోయినట్టే. పిల్లలకు లెక్కలు చెప్పే దాన్ని కాబట్టి నా దగ్గర ఇంకొక ఎత్తు ఉండేది. పదిహేను వందల చీరను ముప్పై సార్లు కడితే ఒక్కసారికి యాభై రూపాయలే కదా, కోరుట్లలో టిఫిన్‌కే అంతకన్నా ఎక్కువ అవుతుంది అని స్టాఫ్‌రూములో అందరికీ నచ్చజెప్పేదాన్ని. మూడుసార్లు కట్టి మడత పెట్టినవి బీరువాలో ఎన్ని ఉన్నాయో మాత్రం చెప్పేదాన్ని కాదు. పెళ్లయ్యాక మా ఆయన మస్కట్ నుంచి ఫోను చేసి, "మళ్ల చీరనా? ఇల్లు కట్టుకుందమా, బీరువ కట్టుకుందమా?" అనేవాడు. నవ్వేసేదాన్ని.

నిజం నాకు ఒక్కదానికే తెలుసు. నేను కట్టుకోవడానికి కొనలేదు. నాయిన చేతిలో పెట్టడానికి కొన్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన కళ్లు తెరిచి, సరిగ్గా చూసి తెచ్చినవ్ అంటే చాలని నెలకొక చీర సంచిలో వేసుకుని సిరిసిల్ల బస్సు ఎక్కాను. ఆదివారం పొద్దున చేరేదాన్ని. ఆయన వాకిట్లో కూర్చుని నా సంచి వైపే చూసేవాడు. నీళ్లు కూడా తాగనిచ్చేవాడు కాదు. "తియ్యి, చూద్దాం. ఈసారి ఎవలు ముంచిన్రు నిన్ను?" అనేవాడు. పదేళ్లు, పన్నెండేళ్లు అయినా నాకు ఆ ఒక్క మాట రాలేదు. అయితే ఆయన వేళ్లను చూసి చూసి నాకూ కొంత చెయ్యి తిరిగింది. కళ్లు మూసుకుని గుడ్డ రాసి చెబితే స్టాఫ్‌రూములో వాళ్లు ముక్కు మీద వేలేసుకునేవాళ్లు.

ఆ పన్నెండేళ్లలో ఆఖరి రెండేళ్లు నాయిన పద్ధతి మార్చాడు. చీర తీయగానే చెయ్యి చాపకుండా, "ముందుగాల నువ్వు చెప్పు" అనేవాడు. నేను రాసి చెప్పేదాన్ని. ఆయన కూడా ఒకసారి రాసి, "ఊఁ, గంతే" అనేవాడు. ఎప్పుడైనా, "ఇంకొక్కపారి చూడు" అనేవాడు. నేను మళ్లీ చూసి చెప్పింది మార్చితే తల ఊపేవాడు. నాకు ఎంత గర్వమో చెప్పలేను. నలభై ఏళ్లు గుడ్డ నేసిన మనిషి నన్ను ముందు అడుగుతున్నాడు. తన పని నాకు అప్పజెబుతున్నాడనుకున్నాను. కోరుట్లలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.

పోయిన ఏడాది కోరుట్లలో మా ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి ఆడబిడ్డకు పుట్టింటి వాళ్లు బట్టలు పెట్టాలి. అమ్మ ముందే ఫోను చేసి, "మీ నాయిన దుకాన్లకు వస్తే కొట్లాట అయితది. పైసలు పంపిస్త, నీకు నచ్చింది నువ్వే కొనుక్కో" అంది. నేను జగిత్యాలలో నాకు అలవాటైన దుకాణంలోనే పట్టుచీర కొనుక్కున్నాను. అమ్మ పంపిన దానికి రెండింతలు నావి కలిపాను. ఆ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. పుట్టింటి చీర అంటే అదే అనుకుని తెల్లవారుజామున పూజకు అదే కట్టుకున్నాను. నాయిన నా చీరను కళ్లతో చూశాడు గాని అంచు పట్టుకోలేదు. పూజ హడావుడిలో నాకు అది పట్టలేదు. నా చేతిలో ఒక కవరు పెట్టి, "ఇంట్లకు ఏమన్న కొనుక్కో బిడ్డా" అన్నాడు. ఆ పొద్దు ఆయన చాలా హుషారుగా ఉన్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

భోజనాలయ్యాక చుట్టాలు బట్టలు పెట్టడం మొదలైంది. ఇలాంటి చోట పెట్టే చీరలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. అవి పెట్టడానికి కొనేవే గాని కట్టడానికి కొనేవి కావు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూనే ఉంటాయి. మా చాప మీద అలాంటివి ఒక గుట్ట పేరుకుంది. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. మా మేనత్త ఉంది, మా అత్తమ్మ ఉంది, బడి టీచర్లు కూడా ఉన్నారు. అప్పుడు నాయిన లోపలి గదిలోంచి ఒక చీర రెండు చేతుల మీద పట్టుకుని వచ్చాడు. డబ్బా లేదు, దుకాణం సంచి లేదు. పసుపు కుంకుమ పెట్టిన చీర. మెరూన్ రంగు, వెడల్పు అంచు. దాన్ని నా ఒడిలో పెట్టి, అందరికీ వినిపించేటట్టు, "ఏదీ, నువ్వు చెప్పు బిడ్డా. దీనికి ఎంత పెట్టొచ్చు?" అన్నాడు.

నన్ను నలుగురిలో నిలబెట్టి నా చేతి పనితనం చూపించాలని ఆయన సరదా అనుకున్నాను. గుట్టలోంచి లోపలికి చేరిన ఎవరిదో చీరను తెచ్చాడనుకున్నాను. టీచర్లు నవ్వుతూ దగ్గరకు జరిగారు. నేను కాస్త బెట్టు చేస్తూ చేతులు తుడుచుకున్నాను, ఆయన తుడుచుకున్నట్టే. అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. గుడ్డ జారుడుగా ఉంది, వేళ్ల మధ్య చల్లగా ఉంది. పట్టుకు ఉండే చిన్న గరుకు లేదు. నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"పట్టు గాదు నాయినా. ఆర్ట్ సిల్క్. పన్నెండు వందలు, అంతకు మించి ఒక్క రూపాయి పెట్టద్దు. ఎవలు తెచ్చిన్రో గని మంచిగనే ముంచిన్రు."

కళ్లు తెరిచి ఆయన వైపు చూశాను. టీచర్లు చప్పట్లు కొట్టారు. నాయిన వంగి నా ఒడిలోని చీర మడత సరిచేశాడు. తర్వాత, "సరిగ్గ చెప్పినవ్ బిడ్డా. పన్నెండు వందలే" అన్నాడు.

అన్నేళ్లు నేను ఎదురుచూసిన మాట అదే. నాకు ఒళ్లంతా పులకరించింది. ఆ సంతోషం ఎంతసేపు ఉందో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. పక్కన కూర్చున్న మా మేనత్త నా మోచేయి గట్టిగా పట్టుకుని, "ఏం మాటలే పిల్లా అవ్వి? అన్న నిన్న జగిత్యాల పోయి నీకోసమని తెచ్చిండు. పట్టుచీర నా బిడ్డకు నేనే తెస్తనని ఒక్కడే పోయిండు" అంది.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆ చీరను గబగబా మళ్లీ చేతిలోకి తీసుకుని, "లేదు నాయినా, ఆగు, నేనే సరిగ్గ చూడలే. పట్టే ఇది. అంచు చూసి మోసపోయిన" అన్నాను. ఏదేదో అన్నాను. నా గొంతు నాకే అబద్ధంగా వినపడింది.

నాయిన మెల్లగా నవ్వాడు. "నాకు తప్పు ధర చెప్పుడు నీకు మొదటి సంది అలవాటే గద బిడ్డా" అన్నాడు. "మీ అమ్మ, నువ్వు వంటింట్ల నవ్వుకునుడు నాకు వినబడకపోతుండెనా? గిదొక్కటి నిజం చెప్పినవ్. గట్లనే ఉండని."

ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. కొత్త ఇంట్లో ఉండకుండా పోవడం ఏమిటని అందరూ పట్టుబట్టినా ఆగలేదు. షెడ్డులో పని ఉందన్నాడు.

నాకు ముందు వచ్చింది కోపం. నా మీద కాదు, దుకాణం మీద. ముసలి మనిషి ఒక్కడే వచ్చాడని పట్టు అని చెప్పి అంటగట్టారని పళ్లు నూరుకున్నాను. నేను ఎప్పుడూ కొనే దుకాణానికే పోయాడని మేనత్త చెప్పింది. వారం తిరగకుండా ఆ చీర పట్టుకుని జగిత్యాల పోయాను. ఆ దుకాణంలో గల్లా దగ్గర కూర్చునే పెద్దమనిషికి నేను పన్నెండేళ్లుగా తెలుసు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడతాడు. చీరను గల్లా బల్ల మీద పడేసి ఎంత గట్టిగా అరిచానంటే చీరలు చూసుకుంటున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు. ఆయన అరవలేదు. స్టూలు జరిపి, "కూసో బేటీ" అన్నాడు. చీరను విప్పి చూసి, "ఆ పెద్దమనిషి మీ అబ్బానా?" అని అడిగాడు.

"రెండు చీరలు ముంగట పెట్టిన బేటీ. ఒకటి అసలు పట్టు, ఒకటి ఇది. ఇది ఆర్ట్ సిల్క్ అని నేనే చెప్పిన. ఆయన రెండు గంటలు కూసున్నడు. రెండూ పట్టి పట్టి చూసిండు. అసలుదాన్ని పక్కకు పెట్టి ఇదే పట్టు అన్నడు. నలభై ఏండ్ల సంది నేస్తున్న, నాకు చెప్తవా, మీ దుకాన్ల ఏమున్నదో మీకే తెల్వదు అని నవ్విండు. అసలుదానికి సరిపోను పైసలు జేబుల ఉన్నయి. నేను చూసిన. పన్నెండు వందలకు పట్టు దొరికిందని ఎంత ఖుషీగ పోయిండో!"

"మరి ఎట్ల ఇచ్చిన్రు? తప్పని గట్టిగ చెప్పద్దా?" అన్నాను.

"దుకాన్ల పదిమంది గిరాకీ ఉన్నరు బేటీ. గంతమంది ముంగట ఆయన చెయ్యి తప్పింది అని నేను ఎట్లంట? మార్చుకుంటమంటే మీరు ఎప్పుడన్న రాండ్రి అని బిల్లు మీద రాసి ఇచ్చిన."

నేను ఆ స్టూలు మీద కూర్చుండిపోయాను. బట్టలు అమ్ముకునే మనిషి, ఏ చుట్టరికమూ లేని మనిషి, పదిమంది గిరాకీ ముందు అనలేకపోయిన మాటను నేను మా చుట్టాలందరి ముందు చేతులు తుడుచుకుని మరీ అన్నాను. గృహప్రవేశం పొద్దున ఆయన నా చేతిలో పెట్టిన కవరు ఏమిటో కూడా అప్పుడే అర్థమైంది. అసలు పట్టుకని దాచుకున్న డబ్బుల్లో మిగిలినవి. చీర మార్చుకుంటారా అని పెద్దమనిషి అడిగాడు. అక్కర్లేదని చెప్పి మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బస్టాండులోంచే అమ్మకు ఫోను చేశాను. ఏమైంది నాయిన చేతికి అని అడిగాను. అమ్మ ముందు మాట తప్పించింది. నేను వదల్లేదు. చివరికి ఏడ్చింది.

"రెండేండ్ల సంది ఆయన వేళ్లకు సోయి లేదు బిడ్డా. షుగరుతోని మొద్దువారినయ్. వేడి గిన్నె పట్టినా సుర్రుమనది. పోగు తెగితే దొరకక వెతుక్కుంట కూసుంటుండె. గుడ్డ ఖరాబైతుందని షెడ్డు ఆసామి సాంచల మీది నుంచి తీసేసి కండెలు చుట్టే పని ఇచ్చిండు. నీకు చెప్పద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

"మరి నా చీరలు చూసి చెప్తుండె గదనే?"

"ఏడ చెప్తుండె? నువ్వు ముందు చెప్తే గదే చెప్తుండె. గుడ్డ మీద చెయ్యి పెట్టి నీ మొఖం దిక్కు చూస్తుండె."

ముందుగాల నువ్వు చెప్పు. ఆ మాటకు నేను ఎంత మురిసిపోయానో, ఎంతమందికి చెప్పుకున్నానో అన్నీ గుర్తొచ్చాయి. కోరుట్ల బస్సు వచ్చి, నిండి, వెళ్లిపోయింది. నేను బెంచీ మీదే ఉన్నాను. పక్కన కూర్చున్న ఆమె, "ఏమైందక్కా, ఎవలన్న పోయిన్రా?" అని అడిగింది. ఎవరూ పోలేదని చెప్పాను.

ఒక్క సంగతి నన్ను ఇప్పటికీ తినేస్తుంది. ఆ రోజు అందరి ముందు నన్ను ఎందుకు అడిగాడు? దుకాణం మీద గెలిచానన్న సంతోషంతో అడిగాడా? లేక దారిలో ఎక్కడో అనుమానం వచ్చి, నిజం చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరని అడిగాడా? మొదటిది అయితే నేను ఆయన సంతోషాన్ని చంపాను. రెండోది అయితే ఆయన నన్ను నమ్మి అడిగాడు. ఏది నిజమో నేను అడగలేను, ఆయన చెప్పడు.

ఆ తర్వాత నేను దుకాణం మెట్లు ఎక్కలేదు. చీర కొనాలన్న ఆశే పోయింది. కారణాలు వెతుక్కోవాల్సిన పని తప్పింది. డబ్బు మిగులుతోందని మా ఆయన ఫోనులో మెచ్చుకున్నాడు. బడిలో పరీక్షలు వచ్చాయి, తర్వాత పేపర్లు దిద్దే పని వచ్చింది, తర్వాత ఎండలు వచ్చాయి. అమ్మతో ఫోనులో మాట్లాడేదాన్ని. నాయినకు ఇయ్యమంటే, షెడ్డుకు పోయాడనో పడుకున్నాడనో చెప్పేది. నేనూ మళ్లీ అడిగేదాన్ని కాదు. ఆయన గొంతు వింటే ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు.

బడులకు ఎండాకాలం సెలవులు ఇచ్చాక ఒక ఆదివారం సిరిసిల్ల పోయాను. సంచిలో మామిడిపళ్లు తప్ప ఏమీ లేవు. మా వాడలో సాంచల చప్పుడు ఎప్పటిలాగే ఉంది. నాయిన వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాగా తగ్గిపోయాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. అమ్మ పెట్టబోతే వద్దంటాడట. నన్ను చూసి లేవబోయి, నా చేతిలోని సంచి వైపు చూశాడు.

"చీర తేలేదా?" అన్నాడు.

"లేదు నాయినా. పండ్లు తెచ్చిన."

"మంచిగ చేసినవ్" అన్నాడు. అమ్మ పళ్లు లోపలికి తీసుకుపోయింది. నేను ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఆయన కుడిచెయ్యి తీసుకుని నా చేతుల్లో పెట్టుకున్నాను. నా చిన్నప్పుడు ఆ వేళ్ల చివర్లు పోగులు తగిలి తగిలి గరుకుగా ఉండేవి. ఇప్పుడు నున్నగా, కొంచెం ఉబ్బినట్టు ఉన్నాయి. నేను గట్టిగా నొక్కాను. ఆయనకు తెలిసినట్టు లేదు, వీధి వైపే చూస్తున్నాడు.

"నీకు సోయి లేదని నాకెందుకు చెప్పలేదు నాయినా?" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. "చెప్తే నేను గట్ల అందునా? గంతమందిల నిన్ను గట్ల అందునా?"

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు, బాధ కూడా కనిపించలేదు. చాలా రోజుల ముందే లోపల అనుకుని పెట్టుకున్న మాట చెబుతున్నట్టు చెప్పాడు.

"చీర సూపెడ్తందుకని నెలకోపారి వస్తుంటివి బిడ్డా. నాకు తెల్వదని చెప్తే ఇంకెందుకు వస్తవ్?"

అట్లా ఏం కాదు నాయినా, చీరలతో ఏం సంబంధం, నేను నీకోసమే వచ్చేదాన్ని అని చెప్పడానికి నోరు తెరిచాను. గృహప్రవేశం తర్వాత నేను సిరిసిల్ల రావడం అదే మొదటిసారి. అప్పటికి నాలుగు నెలలు దాటింది.